మానిటర్ తగిలించాక ల్యాప్‌టాప్ స్క్రీన్ మినుకుమంటోందా? ప్యానెల్ మార్చే ముందు ఇవి చూడు

తమ్ముడూ, నువ్వు రాసింది జాగ్రత్తగా చదివాను. గుంటూరు బ్రాడీపేటలో ఉంటూ ఇంటి నుంచే ఉద్యోగం చేస్తున్నావు, ల్యాప్‌టాప్ స్క్రీన్ చిన్నదని 24 అంగుళాల మానిటర్ కొన్నావు, హెచ్‌డీఎంఐ కేబుల్ పెట్టిన దగ్గర్నుంచి ల్యాప్‌టాప్ సొంత స్క్రీన్ మినుకుమంటోంది, అప్పుడప్పుడూ మొత్తం నల్లబడి మళ్ళీ వస్తోంది, మానిటర్‌లో అక్షరాలు కూడా మసగ్గా ఉన్నాయి, కేబుల్ పీకేస్తే ల్యాప్‌టాప్ మామూలైపోతోంది. షాపులో చూపిస్తే ప్యానెల్ (మూతలో ఉండే ఆ స్క్రీన్) పోయింది, మార్చాలి అన్నారు. మార్పించుకోమంటావా అన్నా అని అడిగావు. ఇప్పుడే వద్దు. కేబుల్ పీకగానే తగ్గిపోయే జబ్బు సాధారణంగా ప్యానెల్‌ది కాదు.

నేను విజయవాడలో ల్యాప్‌టాప్ సర్వీసు పనిలో చాలా ఏళ్ళుగా ఉన్నాను. బాగున్న ప్యానెల్‌ని తీయించేసి, వేల రూపాయలు పోసి కొత్తది వేయించుకుని, అది కూడా అలాగే మినుకుమంటుంటే ఏడుపు మొహంతో వచ్చినవాళ్ళని చూశాను, అందుకే కాస్త పొడుగ్గా రాస్తున్నాను. ఇందులో చాలా వరకు స్క్రూడ్రైవర్ పట్టుకోనక్కర్లేని పనులే, రాత్రి భోంచేశాక కూర్చుంటే అయిపోతాయి.

ముందు లోపల ఏం జరుగుతుందో తెలియాలి. బొమ్మ తయారుచేసేది గ్రాఫిక్స్ చిప్. అక్కడి నుంచి సన్నటి కేబుల్ ఒకటి హింజ్, అంటే మూత తిరిగే కీలు, సందులోంచి మూతలోకి వెళ్ళి ల్యాప్‌టాప్ స్క్రీన్‌కి తగులుతుంది, ఇప్పటివాటిలో దాన్ని ఈడీపీ కేబుల్ అంటారు, పాతవాటిలో అయితే ఎల్‌వీడీఎస్. హెచ్‌డీఎంఐ సాకెట్‌కి వెళ్ళే దారి పూర్తిగా వేరు. మోటారు ఒకటే, డాబా మీద ట్యాంకుకి ఒక పైపు, పెరట్లోకి ఇంకో పైపు అనుకో. పెరట్లో కుళాయి తిప్పినప్పుడే ట్యాంకులోకి నీళ్ళు ఆగి ఆగి పడుతుంటే ముందు మోటారునీ దాని కరెంటునీ చూస్తాం కానీ కొత్త ట్యాంకు కొనం కదా.

ప్యానెల్‌కి పక్కన మానిటర్ ఉందో లేదో తెలియదు, దానికి తెలిసింది తన కేబుల్‌లో వచ్చే బొమ్మ ఒక్కటే. మరి మానిటర్ తగిలించినప్పుడు మారేవి ఏంటి? గ్రాఫిక్స్ చిప్ రెండు బొమ్మలు గీయాల్సి వస్తుంది, విండోస్ రెజల్యూషన్‌నీ (బొమ్మలో చుక్కల లెక్క) రిఫ్రెష్ రేటునీ (సెకనుకి ఎన్నిసార్లు బొమ్మ మళ్ళీ గీస్తుందో ఆ లెక్క) మారుస్తుంది, డ్రైవర్, అంటే గ్రాఫిక్స్ చిప్‌ని నడిపించే సాఫ్ట్‌వేర్, పవర్ పొదుపు చేసే తీరు మారుతుంది, గోడ ప్లగ్గులోంచి కరెంటు తీసుకునే ఇంకో పరికరం కేబుల్ ద్వారా నీ ల్యాప్‌టాప్ బాడీకి కలుస్తుంది, టేబుల్ మీద ల్యాప్‌టాప్ పక్కకి జరిగి మూత వాలు మారుతుంది. దొంగ ఎక్కువగా ఈ ఐదింటిలోనే ఉంటాడు. ఒక్కొక్కటీ తీసేసుకుంటూ పోవడమే మన పని, ఒకేసారి నాలుగు మార్చేస్తే దేనివల్ల తగ్గిందో తెలియదు కాబట్టి ఒకటి మార్చు, చూడు, తర్వాత ఇంకోటి.

అన్నిటికంటే ముందు విండోస్ కీ పట్టుకుని పీ నొక్కు. నాలుగు ఆప్షన్లు వస్తాయి: పీసీ స్క్రీన్ ఓన్లీ, డూప్లికేట్, ఎక్స్‌టెండ్, సెకండ్ స్క్రీన్ ఓన్లీ. నీది డూప్లికేట్‌లో ఉందని నా అనుమానం, మసక గురించి కూడా రాశావు కాబట్టి. డూప్లికేట్ అంటే రెండు స్క్రీన్ల మీదా ఒకే బొమ్మ, అంటే రెండిటికీ కుదిరే రెజల్యూషన్ ఒకటి విండోస్ వెతుక్కోవాలి. నీ ల్యాప్‌టాప్ 1366 బై 768, మానిటర్ 1920 బై 1080 అయితే మానిటర్ చిన్న బొమ్మని సాగదీసి చూపిస్తుంది, అక్షరాలు మసగ్గా ఉండేది అందుకే. తెలుగు చదివేవాళ్ళకి ఈ బాధ ఇంకా ఎక్కువ, ఇంగ్లీషు అక్షరం కాస్త మసకబారినా గుర్తుపట్టొచ్చు కానీ మన వత్తులూ గుణింతాలూ సాగదీసిన బొమ్మలో ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి, కాసేపటికే కళ్ళు లాగుతాయి. రిఫ్రెష్ రేటుతో కూడా ఇదే పేచీ, ల్యాప్‌టాప్ 144 హెర్ట్జ్, మానిటర్ 60 హెర్ట్జ్ అయితే డూప్లికేట్‌లో మాటిమాటికీ తడబడే మెషీన్లు ఉన్నాయి. ఎక్స్‌టెండ్ పెట్టు. తర్వాత సెట్టింగ్స్‌లో డిస్‌ప్లేకి వెళ్ళి, ఒక్కో స్క్రీన్‌ని ఎంచుకుని, దేనికి దాని పక్కన రికమెండెడ్ అని రాసి ఉన్న రెజల్యూషనే ఇవ్వు. అడ్వాన్స్‌డ్ డిస్‌ప్లేలో రిఫ్రెష్ రేటు కూడా చూడు.

విండోస్ ఒక్కో మానిటర్‌కీ దాని అమరికని గుర్తుపెట్టుకుంటుంది. ఎప్పుడో చెయ్యి తగిలి సెకండ్ స్క్రీన్ ఓన్లీ పడితే, ఆ మానిటర్ తగిలించిన ప్రతిసారీ ల్యాప్‌టాప్ స్క్రీన్ ఆరిపోతుంది, తీసేస్తే వస్తుంది. ఇలా ఆరిపోయిన స్క్రీన్‌ని ప్యానెల్ పోయిందని తెచ్చేవాళ్ళు చాలామందే ఉంటారు. నీది ఆరి మళ్ళీ వస్తోంది కాబట్టి ఇదొక్కటే కారణం కాకపోవచ్చు, అయినా సరిచూసుకో.

ఎక్స్‌టెండ్ పెట్టాక కూడా మినుకుమంటే ఇప్పుడు తేల్చాల్సింది, ఇది సాఫ్ట్‌వేరా హార్డ్‌వేరా అని. దీనికి మంచి పరీక్ష బయోస్, అంటే విండోస్ మొదలవకముందే తెరుచుకునే మెషీన్ సొంత సెట్టింగుల పేజీ. మెషీన్ ఆపి, మళ్ళీ ఆన్ చేస్తూనే బయోస్ కీ నొక్కుతూ ఉండు, చాలా కంపెనీలకి ఎఫ్2, హెచ్‌పీకి ఎఫ్10, థింక్‌ప్యాడ్‌లకి ఎఫ్1. అక్కడ విండోస్ లేదు, డ్రైవర్ లేదు, పవర్ పొదుపు లేదు, ఉత్త హార్డ్‌వేర్ మాత్రమే. హెచ్‌డీఎంఐ తగిలించే ఉంచి, బయోస్ పేజీ ల్యాప్‌టాప్ స్క్రీన్ మీద ఓ పది పదిహేను నిమిషాలు అలా వదిలెయ్యి. కొన్ని మెషీన్లు బయోస్‌ని మానిటర్‌కే పంపేస్తాయి, అలా అయితే విండోస్ మొదలయ్యాక కింద చెప్పిన మిగతా పరీక్షలు చెయ్యి. బయోస్‌లో బొమ్మ కదలకుండా నిలబడి, విండోస్‌లోకి రాగానే మినుకుమంటే ప్యానెల్‌కీ దాని కేబుల్‌కీ దాదాపు క్లీన్ చిట్ ఇచ్చేయొచ్చు. బయోస్‌లో కూడా మినుకుమంటే హార్డ్‌వేర్ వైపు నడవాలి, దాని సంగతి చివర్లో చెప్తాను. నీది డెల్ అయితే ఇంకో సౌకర్యం ఉంది, డీ కీ నొక్కి పట్టుకుని పవర్ ఆన్ చేస్తే స్క్రీన్ ఎరుపు, ఆకుపచ్చ, నీలం లాంటి రంగులు ఒకదాని తర్వాత ఒకటి చూపిస్తుంది. ఆ రంగులు గీతలూ మరకలూ లేకుండా నిలకడగా వస్తే ప్యానెల్ బాగున్నట్టే.

విండోస్‌లోనే మినుకుమంటున్నప్పుడు చేసే ఇంకో చిన్న పరీక్ష మైక్రోసాఫ్ట్ వాళ్ళు చెప్పేదే. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది, దాన్ని ల్యాప్‌టాప్ స్క్రీన్ మీదకి జరుపు. మిగతా స్క్రీన్‌తో పాటు టాస్క్ మేనేజర్ కూడా మినుకుమంటే డ్రైవర్ తప్పు, అదొక్కటే నిలకడగా ఉండి చుట్టూ ఉన్నవి మినుకుమంటే ఏదో అప్లికేషన్ తప్పు. అప్లికేషన్ అని తేలితే ఈ మధ్య కొత్తగా వేసినవి ఒక్కొక్కటీ తీసి చూడు, కదిలే వాల్‌పేపర్లు, స్క్రీన్ రికార్డర్లు, పాత యాంటీవైరస్‌లు ముందు. స్క్రీన్ పూర్తిగా నల్లబడి రాకపోతే విండోస్, కంట్రోల్, షిఫ్ట్, బీ నాలుగూ కలిపి నొక్కు, బీప్ మని గ్రాఫిక్స్ డ్రైవర్ మళ్ళీ మొదలవుతుంది, తెరిచి ఉన్న పని ఏమీ పోదు. దానితో బొమ్మ వెనక్కి వచ్చిందంటే అదీ ఒక సాక్ష్యమే, డ్రైవర్ వైపు వేలు చూపిస్తుంది.

ఇక నా దగ్గరికి వచ్చేవాటిలో ఎక్కువగా కనబడే కారణానికి వస్తాను. ఇంటెల్ గ్రాఫిక్స్ ఉన్న ల్యాప్‌టాప్‌లలో ప్యానెల్ సెల్ఫ్ రిఫ్రెష్ అని ఒకటి ఉంటుంది. స్క్రీన్ మీద బొమ్మ కదలకుండా ఉంటే ప్యానెల్ తన దగ్గర దాచుకున్న బొమ్మనే చూపిస్తూ ఉంటుంది, గ్రాఫిక్స్ చిప్ ఆ వైపు పంపడం ఆపి కరెంటు ఆదా చేస్తుంది, ఏదైనా కదలగానే మళ్ళీ పంపడం మొదలుపెడుతుంది. ఆలోచన మంచిదే, బ్యాటరీ మిగులుతుంది. కానీ ఆ ఆగడం, మొదలవడం మధ్య కొన్ని ప్యానెళ్ళు, కొన్ని డ్రైవర్ వెర్షన్లు పొసగవు, అప్పుడు స్క్రీన్ ఒక్క క్షణం మినుకుమంటుంది. నువ్వు మానిటర్ మీద పని చేసుకుంటున్నప్పుడు ల్యాప్‌టాప్ స్క్రీన్ మీద ఏముంటుంది? మెయిలో, వాట్సాపో కదలకుండా పడి ఉంటుంది, మధ్యమధ్యలో ఒక మెసేజ్ వస్తుంది. అంటే ఆగడం మొదలవడం ఆగడం మొదలవడం రోజంతా జరుగుతూనే ఉంటుంది. మానిటర్ లేనప్పుడు నువ్వు అదే స్క్రీన్ మీద టైపు చేస్తూ, స్క్రోల్ చేస్తూ ఉంటావు కాబట్టి దానికి ఆగే సందే తక్కువ. నీ లక్షణానికి ఇది బాగా అతుకుతోంది.

ఇంటెల్ గ్రాఫిక్స్ కమాండ్ సెంటర్ తెరిచి సిస్టమ్‌లో పవర్ అనే చోటికి వెళ్తే ప్యానెల్ సెల్ఫ్ రిఫ్రెష్ కనబడుతుంది, ఆపెయ్యి. అక్కడే డిస్‌ప్లే పవర్ సేవింగ్ అని ఉంటుంది, బొమ్మలో నలుపు తెలుపుని బట్టి బ్యాక్‌లైట్ (స్క్రీన్ వెనక వెలిగే దీపం) పెంచి తగ్గించేది అది, దాన్నీ ఆపెయ్యి. ఏఎండీ అయితే వారి-బ్రైట్ అనే పేరుతో ఉంటుంది. విండోస్ 11 సెట్టింగ్స్‌లో కూడా డిస్‌ప్లే కింద బ్రైట్‌నెస్ బాణం నొక్కితే కంటెంట్‌ని బట్టి వెలుగు మార్చే ఆప్షన్ ఉంటుంది, కొన్ని మెషీన్లలోనే కనబడుతుంది, కనబడితే తీసెయ్యి. వెలుగు మార్చే ఈ మూడూ మనం మినుకు అనుకునే దాన్నే వేరే వేరే పేర్లతో చేస్తాయి. బ్యాటరీ కొంచెం తగ్గుతుంది, ఇంట్లో టేబుల్ మీద ఎలాగూ ఛార్జర్ పెట్టే పని చేస్తావు కాబట్టి నష్టం లేదు.

తర్వాత డ్రైవర్. విండోస్ అప్‌డేట్ తనంతట తానే గ్రాఫిక్స్ డ్రైవర్ మార్చేస్తుంటుంది, చాలాసార్లు బాగానే ఉంటుంది, కొన్నిసార్లు ఇలా అవుతుంది. మానిటర్ కొన్నరోజూ అప్‌డేట్ పడినరోజూ దగ్గర దగ్గరగా ఉంటే మనం మానిటర్‌నే అనుమానిస్తాం. డివైస్ మేనేజర్‌లో డిస్‌ప్లే అడాప్టర్స్ కింద నీ గ్రాఫిక్స్ పేరు మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్‌లో డ్రైవర్ ట్యాబ్ చూడు, తేదీ కనబడుతుంది, రోల్ బ్యాక్ బటన్ వెలిగి ఉంటే నొక్కు. లేకపోతే మీ ల్యాప్‌టాప్ కంపెనీ వెబ్‌సైట్‌లో నీ మోడల్ నంబర్ కొట్టి వాళ్ళు పెట్టిన డ్రైవర్ దించుకో, ముందు అదే, అది కుదరకపోతేనే ఇంటెల్ లేదా ఏఎండీ సొంత సైట్ నుంచి. పాతది పూర్తిగా ఊడ్చెయ్యాలంటే డీడీయూ అని ఉచిత టూల్ ఉంది, దాన్ని సేఫ్ మోడ్‌లో నడపాలి, నడిపే ముందు కొత్త డ్రైవర్ దించి పెట్టుకో, ఇంటర్నెట్ తీసెయ్యి, లేదంటే విండోస్ మధ్యలో దూరి మళ్ళీ ఆ పాత గోలే తెచ్చి వేస్తుంది.

గేమింగ్ ల్యాప్‌టాప్ అయితే ఇక్కడ ఒక మెలిక ఉంది. వాటిలో రెండు గ్రాఫిక్స్ చిప్‌లు ఉంటాయి, ప్రాసెసర్‌తో వచ్చేది ఒకటి, ఎన్విడియా లాంటిది ఇంకోటి. చాలా మోడళ్ళలో ల్యాప్‌టాప్ స్క్రీన్ మొదటిదానికి, హెచ్‌డీఎంఐ సాకెట్ రెండోదానికి తగిలించి ఉంటాయి. మానిటర్ పెట్టనంతసేపు ఎన్విడియా నిద్రలో ఉంటుంది, పెట్టగానే మేలుకోవాలి, ఇద్దరూ కలిసి పని చేయాలి. అందుకే ఒక్క ఎన్విడియా డ్రైవర్ కొత్తది వేసి ఇంటెల్‌ది పాతది వదిలేస్తే గొడవ తీరదు, రెండూ వెయ్యాలి. ఎన్విడియా మేలుకుంటే ఫ్యాన్లు గట్టిగా తిరగడం, వేడెక్కడం మామూలే, దానికి కంగారు పడకు.

ఇప్పుడు ఎవరూ అనుమానించనిది ఒకటి చెప్తాను, అయస్కాంతం. ల్యాప్‌టాప్ మూత మూసినట్టు మెషీన్‌కి ఎలా తెలుస్తుంది? మూతలో చిన్న అయస్కాంతం, కింద కీబోర్డు పక్కన దాన్ని పసిగట్టే సెన్సర్. ఇంకే అయస్కాంతం ఆ సెన్సర్ దగ్గరికి వచ్చినా మెషీన్ మూత మూశారనే అనుకుంటుంది. మానిటర్ వాడేవాళ్ళు మూత మూసినా పని ఆగకూడదని పవర్ ఆప్షన్స్‌లో డూ నథింగ్ పెట్టుకుంటారు, అప్పుడు ఏమవుతుందంటే ల్యాప్‌టాప్ స్క్రీన్ మాత్రం ఆరిపోతుంది, మానిటర్ మాత్రం నడుస్తూనే ఉంటుంది. పటమట నుంచి ఒకాయన సరిగ్గా ఈ కంప్లయింట్‌తోనే వచ్చారు, షాపులో పెడితే గంటలకొద్దీ ఏ తేడా లేదు, ఇంటికి తీసుకెళ్తే ఆరిపోతోంది. చివరికి చూస్తే ఆయన ఫోన్‌ని కీబోర్డు పక్కన అరచేయి పెట్టే చోట పెట్టుకుంటారు, దాని ఫ్లిప్ కవర్‌కి అయస్కాంతపు బొత్తం ఉంది. స్పీకర్, ఇయర్‌ఫోన్ డబ్బా, మ్యాగ్నెటిక్ చార్జర్, అయస్కాంతపు గొళ్ళెం ఉన్న వాచీ పట్టీ, ఆఖరికి కింద ఇంకో ల్యాప్‌టాప్ ఉన్నా ఇదే అవుతుంది. నీ స్క్రీన్ మినుకుమనడంతో పాటు మొత్తం నల్లబడుతోంది అన్నావు కాబట్టి, టేబుల్ మీద ల్యాప్‌టాప్ చుట్టూ ఉన్నవన్నీ ఒక పూట తీసేసి పని చేసి చూడు. మానిటర్ వచ్చాక టేబుల్ సర్ది స్పీకర్లు దగ్గరికి జరిపి ఉంటావు, అదీ గుర్తు తెచ్చుకో.

ఇక కరెంటు, ఎర్త్. మన వైపు దీన్ని బాగా చిన్నచూపు చూస్తారు, కానీ నా లెక్కలో ఇది డ్రైవర్ తర్వాత అంతటిది. ఒక పరీక్ష చెయ్యి: మానిటర్ తగిలించే ఉంచి ల్యాప్‌టాప్ ఛార్జర్ మాత్రం పీకేసి బ్యాటరీ మీద నడుపు. మినుకు ఆగిపోతే ఛార్జర్ లేదా ఎర్త్ వైపు చూడాలి. బ్యాటరీ మీద ఇంకా ఎక్కువైతే ఇందాక చెప్పిన పవర్ పొదుపు సెట్టింగులే. రెండిటిలోనూ ఒకేలా ఉంటే ఈ దారి వదిలెయ్యి.

ఎర్త్ లేని ప్లగ్గులో ఛార్జర్ పెట్టి మెటల్ బాడీ ల్యాప్‌టాప్ మీద వేళ్ళు నెమ్మదిగా రాస్తే జివ్వుమంటుంది చూడు, అది ఛార్జర్ లోంచి వచ్చే లీకేజీ కరెంటు, వెళ్ళాల్సిన ఎర్త్ దారి లేక బాడీ మీద కూర్చుంది. మానిటర్‌కి వేరే గదిలోంచి ఎక్స్‌టెన్షన్ లాగి, ల్యాప్‌టాప్‌కి ఇంకో బోర్డు వాడితే రెండిటి ఎర్త్‌ల మధ్య తేడా ఉంటుంది, ఆ తేడా హెచ్‌డీఎంఐ కేబుల్ గుండా తీర్చుకుంటుంది. మినుకు దగ్గర ఆగితే అదృష్టం, హెచ్‌డీఎంఐ పోర్టే కాలిపోయిన మెషీన్లు కూడా వస్తుంటాయి. కాబట్టి రెండూ ఒకే స్పైక్ గార్డ్‌కి పెట్టు, మూడు పిన్నుల ప్లగ్గుని రెండు పిన్నుల కన్వర్టర్‌లో దూర్చే అలవాటు మానెయ్యి, హెచ్‌డీఎంఐ కేబుల్ ముందు తగిలించి తర్వాత స్విచ్ వెయ్యి. బ్రాడీపేట, అరండల్‌పేటల్లో పాత ఇళ్ళు చాలా ఉన్నాయి, వాటిలో బోర్డులో మూడో రంధ్రం ఉంటుంది కానీ వెనక ఎర్త్ తీగ ఉండకపోవచ్చు, ఉన్నా ఎర్త్ గుంత ఎండిపోయి ఉండొచ్చు. రోహిణి కార్తె ఎండల్లో నేల ఎండితే ఎర్త్ బలహీనపడుతుంది, పెద్దవాళ్ళు ఆ గుంతలో నీళ్ళు పోయించేది అందుకే. ఎలక్ట్రీషియన్‌ని పిలిచి ఆ బోర్డులో ఎర్త్ ఉందో లేదో మీటర్ పెట్టి చూడమను, టెస్టర్ వెలగలేదు కాబట్టి బాగుంది అంటే ఒప్పుకోకు.

మిక్సీ వేసినప్పుడో, ఏసీ కంప్రెసర్ మొదలైనప్పుడో, బోరు మోటారు ఆన్ చేసినప్పుడో మాత్రమే స్క్రీన్ ఒక్కసారి మినుకుమంటుందేమో కూడా గమనించు. అలా అయితే అది కరెంటు లైన్‌లో వచ్చే రొద, కేబుల్ పొడుగైతే దాన్ని ఎక్కువగా పట్టుకుంటుంది, చిన్న కేబుల్ వాడి ఆ లైన్ నుంచి దూరంగా పెడితే చాలు. పాత స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ మీద ఉన్నప్పుడే వస్తుంటే కారణం ఇన్వర్టరే.

కేబుల్ మాట వచ్చింది కాబట్టి చెప్తున్నా, కేబుల్ మార్చమంటే జనం వెంటనే బంగారు పూత ఉన్నదేదో కొంటారు. నీది 1080పీ, 60 హెర్ట్జ్ అయితే దానికి కావాల్సింది సుమారు 4.5 జీబీపీఎస్ (సెకనుకి గిగాబిట్లు) మాత్రమే, 2009లో వచ్చిన హెచ్‌డీఎంఐ 1.4 కేబులే 10.2 మోస్తుంది. మామూలు కేబుల్, పొట్టిది, పిన్నులు వంగనిది చాలు. 4కే మానిటర్ అయితే మాట వేరు, 1.4 మీద 4కే 30 హెర్ట్జ్ దగ్గర ఆగిపోతుంది, మౌస్ ఈడ్చుకుంటూ కదులుతున్నట్టు ఉంటుంది, 60 హెర్ట్జ్ కావాలంటే 18 జీబీపీఎస్ మోసే హెచ్‌డీఎంఐ 2.0 రెండు వైపులా ఉండాలి, కేబుల్ మీద ప్రీమియం హై స్పీడ్ అని ఉండాలి. ఇంకో గుర్తు: మానిటర్ తన సంగతి అంతా, అంటే నేను ఏ రెజల్యూషన్ తీసుకోగలను అనేది, ఈడీఐడీ అనే చిన్న సమాచారంగా అదే కేబుల్‌లో ల్యాప్‌టాప్‌కి పంపుతుంది. కేబుల్‌లో ఆ పిన్ను వదులైతే సెట్టింగ్స్‌లో 1920 బై 1080 అసలు కనబడదు, 1024 బై 768 లాంటివే కనబడతాయి, లేదా మానిటర్ వచ్చిపోతూ ఉంటుంది. మానిటర్ వచ్చిపోయిన ప్రతిసారీ విండోస్ రెండు స్క్రీన్లనీ మళ్ళీ అమర్చుకుంటుంది, ఆ క్షణంలో ల్యాప్‌టాప్ స్క్రీన్ నల్లబడుతుంది. చూశావా, తప్పు హెచ్‌డీఎంఐ కేబుల్‌ది, మినుకుమనేది ల్యాప్‌టాప్ స్క్రీన్. పక్కింటివాళ్ళ సెట్ టాప్ బాక్స్ కేబుల్ అయినా అడిగి తెచ్చి ఒక గంట పెట్టి చూడు.

మధ్యలో కన్వర్టర్ ఉంటే మొదటి అనుమానం దాని మీదే. పాత మానిటర్‌కి వీజీఏ అనే పాత రకం సాకెట్ మాత్రమే ఉండి హెచ్‌డీఎంఐ నుంచి వీజీఏ కన్వర్టర్ వాడేవాళ్ళు ఉన్నారు, దానిలో ఉన్న చిప్ హెచ్‌డీఎంఐ పోర్టు నుంచి వచ్చే 5 వోల్టుల మీద బతకాలి, ఆ పోర్టు కనీసం ఇవ్వాల్సింది 55 మిల్లీఆంపులు, అంతకంటే ఎక్కువ తాగే కన్వర్టర్ కాసేపటికి తడబడుతుంది. విడిగా యూఎస్‌బీ పవర్ ఇచ్చే రకం కొనుక్కో. యూఎస్‌బీ-సీ హబ్ వాడితే ఆ పోర్టులో బొమ్మ పంపే సౌకర్యం ఉందో లేదో చూడు, అన్ని సీ పోర్టులకీ ఉండదు, పోర్టు పక్కన డీపీ (డిస్‌ప్లేపోర్ట్) గుర్తో, థండర్‌బోల్ట్ మెరుపు గుర్తో ఉంటే ఉన్నట్టు.

మసక గురించి ఇంకో మాట. రెజల్యూషన్ సరిగ్గా పెట్టాక కూడా అక్షరాలు సరిగ్గా లేకపోతే డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో స్కేల్ (అక్షరాలని ఎంత పెద్దగా చూపాలనే శాతం) చూడు, ల్యాప్‌టాప్ 125 లేదా 150 శాతం, మానిటర్ 100 శాతం ఉంటే ఒక స్క్రీన్ నుంచి ఇంకో స్క్రీన్‌కి జరిపిన పాత సాఫ్ట్‌వేర్ విండోలు మసకబారతాయి, ఒకసారి సైన్ అవుట్ అయి మళ్ళీ వస్తే చాలావరకు సర్దుకుంటాయి. తెలుగు ఎక్కువ చదివే పని అయితే మానిటర్‌కి కూడా 125 పెట్టు, వత్తులు విడివిడిగా కనబడతాయి. స్టార్ట్‌లో క్లియర్‌టైప్ అని వెతికి, అక్షరాల అంచులు సర్దే ఆ టూల్‌ని ఒకసారి నడుపు. టీవీనే మానిటర్‌గా పెట్టుకుంటే ఆ ఇన్‌పుట్‌కి పీసీ అని పేరు మార్చు, టీవీ చేసే మెరుగులు ఆగిపోతాయి.

ఇప్పుడు హార్డ్‌వేర్. షాపువాళ్ళ మాట నిజమయ్యే సందర్భం ఇదే, కానీ ఇక్కడ కూడా ప్యానెల్ కంటే ముందు కేబుల్. మూతని చేత్తో నెమ్మదిగా ముందుకీ వెనక్కీ వాల్చు. ఒకచోట మినుకు మొదలై, ఇంకోచోట ఆగితే హింజ్ సందులో ఈడీపీ కేబుల్ నలిగింది లేదా దాని కనెక్టర్ వదులైంది. మానిటర్ వాడటం మొదలుపెట్టాక ల్యాప్‌టాప్‌ని స్టాండ్ మీద ఎత్తి మూత బాగా వెనక్కి వాల్చి ఉంటే, ఆ వాలులోనే వస్తూ, కేబుల్ పీకి ఒళ్ళో పెట్టుకుంటే రాకపోవడం సహజం, అప్పుడు మానిటర్‌దే తప్పు అనిపిస్తుంది. నువ్వు స్టాండ్ వాడుతున్నావో లేదో రాయలేదు. స్క్రీన్ నల్లబడ్డప్పుడు ఫోన్ టార్చ్ ఏటవాలుగా కొట్టి చూడు, లోపల బొమ్మ మసగ్గా కనబడితే బ్యాక్‌లైట్ మాత్రమే పోతోంది. నిలువు గీతలు ల్యాప్‌టాప్ స్క్రీన్ మీదే ఉంటే ప్యానెల్ లేదా కేబుల్, మానిటర్ మీద కూడా అవే గీతలుంటే గ్రాఫిక్స్ చిప్.

షాపుకి వెళ్ళాల్సి వస్తే ముందు వారంటీ చూసుకో, ఉంటే బయట విప్పించొద్దు. లేకపోతే కేబుల్ తీసి మళ్ళీ పెట్టి చూడమను, తగ్గకపోతే కేబుల్ మార్చమను, దాని ఖర్చు ప్యానెల్‌తో పోలిస్తే చాలా తక్కువ. ప్యానెలే అంటే నీ ఎదురుగా ఇంకో ప్యానెల్ తాత్కాలికంగా తగిలించి, నీ హెచ్‌డీఎంఐ, నీ మానిటర్ పెట్టి చూపించమను. పని తెలిసిన వాళ్ళు దీనికి అభ్యంతరం చెప్పరు. లోపల బ్యాటరీ కనెక్టర్ తీశాకే ఆ కేబుల్ ముట్టుకోవాలి, కరెంటు ఉండగా పీకితే బోర్డు మీద బ్యాక్‌లైట్ ఫ్యూజ్ ఎగిరిపోయి, ఉన్న రోగం పోయి కొత్త రోగం వస్తుంది. మార్చే ప్యానెల్ నంబర్ పాతదాని వెనక స్టిక్కర్ మీద ఉంటుంది, బీ156, ఎన్156 లాంటివాటితో మొదలవ్వొచ్చు, 30 పిన్నులా 40 పిన్నులా, 60 హెర్ట్జా 144నా అన్నీ కలవాలి.

ఇవన్నీ చూసేలోపు ఆఫీసు పని ఆగకూడదు కాబట్టి సెకండ్ స్క్రీన్ ఓన్లీ పెట్టుకుని మానిటర్ మీదే చేసుకో, కళ్ళకి శ్రమ ఉండదు. మూత మాత్రం పూర్తిగా మూసి నడపకు, ఈ ఎండల్లో కీబోర్డు మీంచి పోవాల్సిన వేడి లోపలే ఉండిపోతుంది.

రేపు ఎల్లుండిలోగా నాకు ఇవి రాసి పంపు: బయోస్‌లో మినుకు ఉందా లేదా, ఛార్జర్ తీస్తే తగ్గిందా పెరిగిందా, మూత వాలిస్తే తేడా వచ్చిందా, డివైస్ మేనేజర్‌లో డిస్‌ప్లే అడాప్టర్స్ కింద ఏ పేర్లున్నాయి. ల్యాప్‌టాప్ మోడల్ నంబర్ కూడా. మినుకుమంటున్నప్పుడు ఫోన్‌తో చిన్న వీడియో తీయగలిగితే ఇంకా మంచిది, రెండు స్క్రీన్లూ ఒకే ఫ్రేములో పడేట్టు తియ్యి. అవి చూశాక ల్యాప్‌టాప్ పట్టుకుని విజయవాడ బస్సెక్కాలో అక్కర్లేదో చెప్తాను.